రాజమ్మక్క నవధాన్యాలు, నా పలహారం

పెళ్లికూతురి తల్లి ఎదురుగా, పళ్ల సందున వడ్లగింజ ఇరికించుకుని నిలబడ్డ మొగాణ్ణి ఎప్పుడైనా చూశారా? పోయిన వారం పెరంబూరులో ఉన్నాడు. నేనే!

షుగర్ అంచున ఉన్నానని డాక్టర్ చెప్పినప్పటి నుంచీ పొద్దున్నే మొలకలే నా టిఫిన్. మా ఆవిడ నెల్లూరులో పుట్టింటికెళ్లింది. నేనే పెసలు నానబెట్టి, పాత పంచె ముక్కలో మూటగట్టి, వంటింటి మేకుకు తగిలిస్తున్నాను.

కింద ఇంటి ఓనరు రాజమ్మక్క. కూతురి పెళ్లికి ఇల్లంతా చుట్టాలు. పాలికల్లో, అదే పెళ్లికి మొలకలు వేసే మట్టి మూకుళ్లలో, చల్లే నవధాన్యాలు నానబెట్టి, పిల్లలు చెయ్యి పెట్టేస్తారని ఆ మూట తెచ్చి నా మేకుకే తగిలించింది. జాగ్రత్త అని నాకు చెప్పింది కూడా. నేను సరేనన్నాను కూడా!

పొద్దున కళ్లద్దాలు పెట్టుకోకుండా మూట విప్పాను. ఉల్లిపాయ, క్యారెట్, నిమ్మరసం, ఉప్పు. తింటుంటే గొంతులో ఏదో గీరుకుంటోంది. ఫైబర్ అంటే ఇదే కాబోలనుకుని, నమిలి నమిలి మింగాను. మనకు పట్టుదల ఎక్కువ!

ఏడున్నరకు అక్క వస్తే మిగిలిన మూట చేతికిచ్చాను. కింద ముత్తైదువలు, మగపెళ్లివారి తరఫు పెద్దావిడ, అందరూ పాలికల చుట్టూ కూర్చున్నారు. మూట విప్పితే అన్నీ పెసలే, తోకలతో సహా. అక్క మళ్లీ మెట్లెక్కి వచ్చింది. నా ప్లేటు చూసింది. నా పళ్లు చూసింది.

"తమ్ముడూ, తినేస్తివా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. శుభమా అని పెళ్లి మొదలుపెడుతుంటే నవధాన్యాలు నా కడుపులో ఉన్నాయి. ఆ పెద్దావిడ అపశకునమంటే ఆ పిల్ల గతేమిటి?

"సరి, ఏడవబాక. కడై తెరిచుంటాది, సైకిలెక్కి ఇంకో ప్యాకెట్ తీసుకురాపో. ఆడ నేను చెప్పుకుంటాలే."

కొట్టుకెళ్లి తెచ్చాను. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నాననిచ్చి పాలికల్లో చల్లారు. అక్క అందరి ముందూ తనే పొరపాటున మూట మార్చి తెచ్చానని చెప్పిందట. ఆ మాట విన్నాక నాకు నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి. సొంత అక్కైనా అంత ఓర్చుకోదు. నాలుగో రోజుకు పాలికలు పచ్చగా లేచాయి. అప్పుడు గానీ నాకు నిద్ర పట్టలేదు.

పెళ్లినాడు పంక్తిలో వియ్యంకుడి పక్కన కూర్చోబెట్టారు. అక్క నెయ్యి వడ్డిస్తూ ఆయనకు నన్ను పరిచయం చేసింది.

"ఈయన మా మేడమీద తమ్ముడు. మా ఇంటి పెండ్లికూడు అందరికన్నా నాలుగు దినాలు ముందే తినేసినాడు."

ఎంత ఆప్యాయతో అని ఆయన మురిసిపోయి, నా ఆకులో ఇంకో బూరె వేయించాడు. షుగర్ సంగతి ఏ మొహం పెట్టుకుని చెప్పను? అదీ తినేశాను.