ఎడమ కాలు క్లచ్ నేర్చుకున్న రోజులు

చెప్పు ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. సంగారెడ్డిలో ఒక చిన్న హాలు, వాస్తు మీద చర్చ. వంటగది ఏ మూలన ఉంటే ఏ రోగం వస్తుందో అవతలి వక్త చెప్పి కూర్చున్నారు. నేను లేచి జవాబు చెబుతున్నాను. ముందు వరుసలో ఒకామె, "మేడం, మీ చెప్పు ఎనకనే ఉన్నది" అంది. తిరిగి చూస్తే ఎడమ కాలి చెప్పు రెండడుగుల దూరంలో పడి ఉంది. నేను వట్టి కాలితో గచ్చు మీద నిలబడి ఉన్నాను. గచ్చు చల్లగా ఉందో వెచ్చగా ఉందో కూడా ఆ కాలు నాకు చెప్పలేదు.

చర్చ పూర్తి చేశాను. దిగేటప్పుడు కాలి వేళ్లు మెట్టుకు తట్టుకుని బోర్లా పడ్డాను. "దేవుణ్ణి తిడితే గిట్లనే అయితది" అన్నారెవరో. "దేవుడి పనైతే కుడికాలు ఎందుకు వదిలేశాడు? సగం పని చేస్తాడా?" అని కింద నుంచే అడిగాను. హాలంతా నవ్వింది. మూడో రోజుకు కుడికాలు కూడా పోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. పటాన్‌చెరులో నేను సర్కారు బడి సైన్సు టీచర్ని. నలభై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో నేనూ మా అమ్మా. ఆదివారాలు స్కూటర్ మీద ఊళ్లు తిరిగి చేతబడి, బాణామతి అబద్ధమని సభలు పెట్టేదాన్ని. అలాంటి నన్ను ఇద్దరు మోసుకెళ్లి హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో చేర్చారు.

న్యూరాలజిస్టు నా మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టారు. కాళ్లు కదల్లేదు. "రెండు మూడు వారాల కింద మోషన్స్ ఏమైనా అయ్యాయా?" అని అడిగారు. అయ్యాయి, ఒక ఊళ్లో సభ నుంచి వచ్చాక నాలుగు రోజులు. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. "జీబీఎస్ అంటాం. గులియన్ బారే సిండ్రోమ్. మీ ఇమ్యూనిటీ ఆ ఇన్ఫెక్షన్‌తో పోట్లాడుతూ పొరపాటున మీ నరాల మీద కూడా పడింది."

అంత భయంలోనూ నాకు సంతోషం కలిగింది. కారణం ఉంది! దానికి పేరుంది, పరీక్ష ఉంది, మందు ఉంది. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు. ఊపిరి దాకా రాకపోవడం మీ అదృష్టం అన్నారు డాక్టరుగారు. అదృష్టం అనే మాట మీద నేను అభ్యంతరం చెప్పబోతే, "మేడం, చర్చ తర్వాత. ముందు లంగ్స్‌కి రెస్ట్ ఇవ్వండి" అన్నారు.

నాలుగు నెలలకు కుడికాలు పూర్తిగా వచ్చింది. ఎడమది రాలేదు. ఫుట్ డ్రాప్ అన్నారు. పాదం పైకి లేవదు, నడిస్తే వేళ్లు నేలను గీరుతాయి. పాదాన్ని నిలిపి పట్టడానికి మడమ నుంచి పిక్క దాకా ప్లాస్టిక్ స్ప్లింట్ కట్టారు. ఒకరోజు మొండిగా స్కూటర్ తీశాను. బస్టాండు దగ్గర ఆపి ఎడమ కాలు కింద పెట్టాననుకున్నాను. పెట్టలేదు. స్కూటరూ నేనూ రోడ్డు మీద పడ్డాం. ఆ తర్వాత ఎవరైనా బండి పంపితేనే సభ, పంపకపోతే లేదు. పిలుపులు తగ్గాయి. నోరు బాగానే ఉంది, దాన్ని ఊళ్లకు మోసుకెళ్లే కాలే లేదు. నా జీవితంలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. అది పోతే ఇక నేనెందుకు అనిపించింది.

అప్పుడు మా మేనమామ కొడుకు యాదగిరి బావ గుర్తొచ్చాడు. బొంబాయి హైవే పక్కన అతనికి కార్ల రిపేరు షెడ్డుంది. కారు నేర్పమని అడిగాను.

"నన్ను చేసుకోమంటే మేనరికం పనికిరాదని సభ పెట్టినవ్. ఇప్పుడు నా క్లచ్ కావాల్నా?" అన్నాడు.

"నీ క్లచ్‌తో నాకు రక్తసంబంధం లేదు బావా."

డాక్టరుగారిని అడిగాను. "రోడ్డు మీదికి నేను ఓకే చెప్పాకే. ఖాళీ జాగాలో, పక్కన మనిషి ఉంటే సరే" అన్నారు. ఫిజియోథెరపిస్టు ఇంకాస్త ముందుకు వెళ్లింది. "నొక్కడం ఎవరైనా నొక్కుతారు మేడం. మెల్లగా వదలడం, అదే మీకు ఎక్సర్‌సైజ్."

ఇంద్రేశం దగ్గర కొత్త లేఅవుట్లు పడుతున్నాయి. హద్దురాళ్లు పాతారు, రోడ్లు వేశారు, ఇళ్లు ఇంకా లేవు. అక్కడికి బావ ముందు ఒక చిన్న కారు తెచ్చాడు. దాని క్లచ్ మెత్తన. దూదిలో కాలు పెట్టినట్టుంది, ఎక్కడ పట్టిందో ఎక్కడ వదిలిందో నా పాదానికి తెలియలేదు. బండి పదకొండుసార్లు ఆగిపోయింది.

బావ షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఒక ఎర్రకారు ఉంది. రెండే సీట్లు. ఒక ఫ్యాక్టరీ యజమాని విదేశం నుంచి తెప్పించుకుని, విసుగొచ్చి అమ్మేస్తే బావ కొన్నాడు. ఆరు సిలిండర్ల ఇంజన్. విప్పి బిగించడానికి బావకు రెండేళ్లు పట్టింది.

"అది వద్దు. దాని క్లచ్ లారీ క్లచ్ తీరు బరువు. మంచి కాళ్లున్నోళ్లే పరేషాన్ అయితరు" అన్నాడు.

వినకుండా ఎక్కాను. కాళ్లు చాపుకుని, దాదాపు నేల మీద కూర్చున్నట్టే కూర్చోవాలి. స్ప్లింట్ తీసి, బూటు బిగించి క్లచ్ నొక్కాను. పెడల్ ఎదురు తిరిగింది. నేను ఎంత నొక్కితే అది అంత వెనక్కి నెట్టింది. ఇన్ని నెలల తర్వాత నా ఎడమ పాదానికి అవతలి నుంచి ఒక జవాబు వచ్చింది. మొద్దుబారిన కాలికి కావలసింది మెత్తదనం కాదు, ప్రతివాదన. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు!

"కాలు చెప్పకుంటే ఇంజన్ చెప్తది, చెవి పెట్టు" అన్నాడు బావ. "సప్పుడు జెర బరువైతది. బండి ఎనకకు కూసున్నట్టయితది. అప్పుడు కాలు గక్కడ్నే ఆపు. కిందికి చూడకు! నీ కాలు యాడికి పోదు!"

చూడకుండా ఉండటం కష్టం. తెలియని కాలును కళ్లు వెతుక్కుంటాయి. మూడు వారాలు పట్టింది. నాలుగో ఆదివారం ఇంజన్ గొంతు బరువెక్కింది, సీటు నన్ను మెల్లగా వెనక్కి లాగింది, పాదం అక్కడే ఆగింది. కారు కుదుపు లేకుండా కదిలింది. నేను అరిచాను. బావ కూడా అరిచాడు. రెండో గేరు, మూడో గేరు. హద్దురాళ్లు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి. నేను సరిగ్గా నడవలేని మనిషినన్న సంగతి నాలుగు నిమిషాలు మరచిపోయాను.

దసరా మరునాడు అంతా తిరగబడింది. బండి కదిలించి, రెండో గేరుకు క్లచ్ నొక్కాను. పెడల్ సగంలో ఆగిపోయింది. బలమంతా పెట్టాను, కదల్లేదు. గేరు గరగరమంది. కారు ఎగిరి దూకి, కాలువ కోసం తవ్విపోసిన మట్టికుప్పలో ముక్కు పెట్టింది. దెబ్బలేమీ తగల్లేదు. నేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. కాలు పోయింది. రోగం తిరగబెట్టింది.

"అరే, నేను చూస్త దిగు" అన్నాడు బావ. "చూడటానికేముంది, నా కాలు నాకు తెలియదా?" అని కసిరి, అతన్ని ఆటో పిలవమన్నాను. ఇంటికొచ్చి స్ప్లింట్ కట్టుకున్నాను. వచ్చే నెల సభకు రాలేనని ఉత్తరం రాశాను.

మరునాడు మధ్యాహ్నం బావ వచ్చాడు. ట్రాక్టరు పెట్టి కారును బయటికి లాగించాడట. గుప్పిట తెరిచి చూపించాడు. అప్పడంలా నలిగిన నిమ్మకాయ.

"క్లచ్ పెడల్ ఎనక దొరికింది. బండంతా పులిహోర వాసన."

నేను అమ్మ వైపు తిరిగాను. ఆమె కొంగు సర్దుకుంది.

"టైర్ల కింద పెడితే నువ్వు తీసి పారేస్తవు గదా బిడ్డా. ఆయుధపూజ నాడు షెడ్డుకు పోయి సీటు కింద పెట్టిన. అది గట్ల దొర్లుతదని నాకేం ఎరుక?"

"అమ్మా! నీ నిమ్మకాయ నన్ను కాపాడలేదు, కాలువలో వేయబోయింది!"

"మరి నీ కాలు మంచిగున్నదని చెప్పింది ఎవలు? ఆ నిమ్మకాయనే గదా?"

బావ గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉన్నాడు. "చెప్పు చెప్పు, జవాబు చెప్పు. ఇగ చూడవే, ఎట్ల పిండినవో! ఒక్క చుక్క రసం మిగల్లేదు. గీ కాలుకేనా బలం లేదన్నది?"

నలిగిన ఆ తొక్కను చేతిలోకి తీసుకున్నాను. నిజమే. చెప్పును పట్టుకోలేని పాదం చేసిన పని అది. నాకు సిగ్గేసింది, అమ్మ ముందు కాదు, నా ముందు నాకే. ప్రతి ఊళ్లోనూ "చూడకుండా నమ్మకండి" అని అరిచేదాన్ని. నా సొంత కాలి విషయంలో వంగి పెడల్ వెనక చూడలేదు, చూస్తానన్న మనిషిని చూడనివ్వలేదు, డాక్టరుకు ఫోనైనా చేయలేదు. భయం చెప్పింది, నేను నమ్మాను. అమ్మ నిమ్మకాయను నమ్మడానికీ దీనికీ తేడా ఏమిటో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

అయినా ఆ వారమే వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. డాక్టరుగారు తన అరచేతిని పాదం మీద పెట్టి పైకి లేపమన్నారు, కింద పెట్టి నొక్కమన్నారు. "పవర్ ఐదుకి ఫోర్ ప్లస్. మొదట్లో టూ ఉండేది. ఏ మెషీన్ మీద ఎక్సర్‌సైజ్ చేస్తున్నారు?" చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కాసేపు నవ్వి, రోడ్డు మీదికి వెళ్లొచ్చని కాగితం మీద రాసిచ్చారు.

లైసెన్స్ వచ్చిన రోజు పొద్దున్నే పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు హైవే ఎక్కాను. నూలు చీర, కాన్వాస్ బూట్లు, పక్కన బావ. ఐదో గేరులో ఆ ఇంజన్ గర్జన మాని పాడటం మొదలుపెట్టింది. లారీవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. "మెల్లగ పోవే, నాకు పెండ్లాం పిల్లలున్నరు!" అని బావ అరుస్తూనే ఉన్నాడు. గేరు మారుస్తూ ఎడమ కాలును నొక్కాను, వదిలాను, నొక్కాను, వదిలాను. ఇంత ఆనందం నాకు ఏ సభలోనూ దొరకలేదు.

ఇది జరిగి ఐదేళ్లు దాటింది. బొటనవేలు ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంటుంది. స్ప్లింట్ అవసరం లేదు. ఆదివారాలు బావ ఇచ్చే ఆ ఎర్రకారులోనే ఊళ్లకు వెళ్తున్నాను. జనం కారు చూడటానికి వచ్చి, నా మాట వినడానికి కూర్చుంటారు. పోయినవారం భానూర్ దగ్గర ఒక ఊళ్లో, నేను ఒకప్పుడు కాళ్లు పడిపోయి మంచంలో ఉన్నానంటే ఒక పెద్దాయన నమ్మలేదు. నమ్మొద్దనే చెప్పి, ఆస్పత్రి కాగితాలు చూపించాను.

ఈ రోగం నుంచి లేస్తున్నవాళ్లకు నా సలహా ఒక్కటే. బాగవుతున్న కాలు ఒకరోజు తడబడితే వెంటనే మంచం ఎక్కకండి. వంగి చెప్పు చూడండి, నేల చూడండి, కాలి కింద ఏముందో చూడండి. అక్కడ ఏమీ కనిపించకపోతే రేపటిదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.