గోడ అవతలి రిమోటు

ఆత్మకూరులో మా డ్రిల్లు టీచరు పోయిందని ఫోను వచ్చేసరికి నేను ఉదయగిరిలో మా ఇంటి పెరట్లో తల ఆరబెట్టుకుంటున్నాను. ఆదివారం. ఫోను పక్కన పెట్టి, బట్టలు ఉతికే బండ మీద కూలబడి ఏడ్చాను. మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి కాసేపు చూసింది. తర్వాత దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది:

"ఎవుడే వాడు?"

నా ఏడుపు అక్కడే ఆగిపోయింది.

"ఎవుడూ లేడు. టీచరు పోయిందంట."

"టీచరు పోతే ఇట్టా ఏడస్తారా ఎవురన్నా?"

లోపల్నుంచి నాయన గొంతు వచ్చింది. "ఎవురూ, ఆ రెండు టీవీల ఇల్లామేనా? పాపం. అయితే ఇంక నీకు ఆడేం పని? సామాన్లు తెచ్చేసుకుందాం."

మా ఇంట్లో నా పరిస్థితి ఇదీ. డిగ్రీ అయిపోయాక కూడా నేను ఆత్మకూరు వదలకపోవడానికి అమ్మ లెక్కలో ఒక అబ్బాయి కారణం, నాయన లెక్కలో రెండు టీవీలు కారణం. ఆ అబ్బాయి ఎవరో తెలుసుకోవాలని నాకూ కుతూహలంగానే ఉంది. టీవీల విషయంలో మాత్రం నాయన చెప్పినదాంట్లో సగం నిజముంది. మిగతా సగం మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అందుకని మీకు చెబుతున్నాను.

ఆమె బాలికల హైస్కూల్లో వ్యాయామం నేర్పి రిటైరైన మనిషి. ఊరంతా డ్రిల్లు టీచరనే పిలిచేది, నేనూ అంతే. ఒంటి మీద నేత చీర, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో ఈల. బడి మానినా బూట్లూ ఈలా మానలేదు. కూరగాయలకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా అవే. సుద్దముక్కతో బూట్లు రుద్ది మెట్ల మీద ఎండలో పెట్టేది. తను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "సెలక్షన్లకి ఎవురూ రాలా" అని చెప్పేది.

నేను డిగ్రీలో చేరినప్పుడు ఆమె ఇంటికి ఆనుకున్న గది బాడుగకు ఉందని తెలిసి నాయనా నేనూ వెళ్ళాం. ఇంటి ఓనరు చెప్పాల్సిన షరతులన్నీ నాయనే చెప్పాడు. పిల్ల పొద్దు గూకకముందే ఇల్లు చేరాలి, ఎవరూ గదికి రాకూడదు, ఫోన్లో నవ్వుతూ మాట్లాడితే మాకు చెప్పాలి. ఆమె అంతా శ్రద్ధగా విని నా వైపు తిరిగింది.

"కబడ్డీ చూస్తావా పాపా?"

"ఎప్పుడూ చూడలేదు టీచర్."

"అయితే రా. చూడనోళ్ళకి చెప్పేదే బాగుంటాది."

గది నాదైంది.

సాయంత్రమైతే ఆ వీధి ఆడవాళ్ళంతా టీచరు హాల్లో చేరేవాళ్ళు. ఇళ్ళల్లో టీవీలు లేక కాదు. ఉన్నాయి, గోడంత పెద్దవి కూడా ఉన్నాయి. వాటి రిమోట్లు మగవాళ్ళ తొడల కింద ఉండేవి. మా ఇంట్లో అయితే నాయన అన్నానికి లేచినా రిమోటును టవల్లో చుట్టుకుని వెంట తీసుకుపోతాడు. అట్లాంటి ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకి టీచరు హాలు దేవుడిచ్చిన సినిమా హాలు. చిక్కేమిటంటే, అక్కడా టీవీ ఒకటే.

వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న టైలరక్కకి ఏడింటి సీరియల్ తప్పకూడదు. ఎదురింటి అవ్వకి కబడ్డీ కావాలి, అది లేని రోజు కుస్తీ అయినా పరవాలేదు. బోసినోటితో "కాలు పట్టు! కాలు!" అని అవ్వ అరుస్తుంటే గోడ మీద బల్లి కూడా అటకెక్కేది. ఒకరోజు ఇద్దరికీ తగాదా ముదిరింది.

"ఈ వయసులో దేవుణ్ణి తలుచుకోకుండా ఆ మగోళ్ళ తొడలేంది అవ్వా నువ్వు చూసేది?" అంది టైలరక్క.

"నువ్వు చూసేదేందిమే? అత్త కోడల్ని తిట్టేది. దానికి టీవీ ఎందుకు? మా ఇంటికి రా, చూపిస్తా" అంది అవ్వ.

టీచరు ఈల ఊదింది. ఇద్దరూ నోళ్ళు మూశారు. ఆ వారంలోనే డిష్షు బిగించే అతన్ని పిలిపించింది.

డిష్షుకి తగిలించే మామూలు పెట్టె ఒకసారికి ఒక్క చానెల్నే పట్టుకుంటుంది. దానికి ఎన్ని టీవీలు తగిలించినా అన్నింట్లోనూ ఒకటే బొమ్మ. అతను తెచ్చిన పెట్టెలో చానెలు పట్టుకునే ట్యూనర్లు రెండున్నాయి. మేడ మీద డిష్షు ఒక్కటే. దాన్నుంచి రెండు వైర్లు పెట్టెలోకి దిగాయి. పెట్టె నుంచి హాల్లో టీవీకి ఒక వైరు, గోడకి బెజ్జం కొట్టి వెనక గదిలోని పాత డబ్బా టీవీకి ఇంకొక వైరు. ఒకే పెట్టె, రెండు టీవీలు, దేని చానెలు దానిది. ఏ టీవీ రిమోటు దానికే. వాటిని పెట్టెకి ఎదురుగా చూపించాల్సిన పని కూడా లేదు. గోడ అవతల నుంచి నొక్కినా పనిచేస్తాయి.

"ఒక స్టేడియం, రెండు కోర్టులు" అని టీచరు మురిసిపోయింది.

హాలు సీరియళ్ళది, వెనక గది ఆటలది అయింది. గొడవ తీరిందనుకున్నాం. తీరలేదు. ఏ గదికి ఆ గదిలో రిమోటు కోసం కొత్త గొడవలు పుట్టాయి. ప్రకటనలు రాగానే టైలరక్క వంటల చానెలుకు పోయేది, మిగతా వాళ్ళు సీరియల్ అయిపోతుందని గోల పెట్టేవాళ్ళు. వెనక గదిలో అవ్వ రిమోటును కొంగున ముడేసుకునేది.

అట్లా నడుస్తుండగా ఒకరోజు ఇల్లు కడిగాం. సర్దేటప్పుడు రిమోట్లు రెండూ తారుమారయ్యాయి. ఆ సాయంత్రం సీరియల్లో కోడలు ఎన్నాళ్ళుగానో దాచిన నిజం చెప్పబోతోంది. టైలరక్క సౌండు పెంచుదామని నొక్కింది. హాల్లో చడీచప్పుడు లేదు, వెనక గది దద్దరిల్లింది. అవ్వ హడలిపోయి తన చేతిలో ఉన్నదాని మీద ఏదో నొక్కింది. హాల్లో కోడలు మాయమై, ఎవరో పెద్దాయన పెసరట్టు తిరగేస్తూ కనిపించాడు.

"ఎవురే అది! నిజం చెప్పేటప్పుడే!"

"నా చెవులు పోయినాయిరా నాయనా! తగ్గించండే!"

"టీవీకి గాలి సోకినట్టుండాది టీచరమ్మా!"

నొక్కినకొద్దీ అవతల గదిలో ఘోరాలు జరుగుతున్నాయి. టీచరు రెండు గదులకీ మధ్య గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, సంగతి అర్థమై, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేను రిమోట్లు మార్చబోయాను.

"ఉండనీ పాపా. ఇదే బాగుండాది" అంది.

అప్పుడే ఈల ఊది తీర్పు చెప్పింది. "హాల్లోవోళ్ళ రిమోటు వెనకోళ్ళ దగ్గిర, వెనకోళ్ళది హాల్లోవోళ్ళ దగ్గిర. ఏం కావాలో గదిలో అందరూ ఒక మాట అనుకుని, అప్పుడు గోడవతలికి అడగండి. అడిగింది పెట్టాల్సిందే. ఇద్దరు రెండు మాటలు చెప్తే మాత్రం పెట్టేది లేదు."

"ఇదేం న్యాయం టీచరమ్మా? మా టీవీ మా చేతిలో ఉండదా?" అంది టైలరక్క.

"మీ ఇంట్లో టీవీ మీ చేతిలో ఉండాదా?"

ముందు అవ్వ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో టీవీ చూసే పద్ధతి అదే. బయటివాళ్ళకి పిచ్చిపనిలా కనిపించేది. డిష్షు బిగించిన అతను ఒకసారి రిపేరుకొచ్చి, రిమోట్లు సరిచేసి పెట్టి తిట్లు తిన్నాడు. అడగక తప్పదు కాబట్టి అందరూ మర్యాదగా అడగడం మొదలుపెట్టారు. సాయంత్రం పూట గోడకి ఇటూ అటూ ఇట్లాంటి మాటలు వినపడేవి.

"అవ్వా, సౌండు కాస్త పెంచు."

"పెంచతాలే. కోడలు చెప్పేసిందా?"

"యాడ? మళ్ళీ తుమ్మింది, ఆగిపోయింది."

"అదెప్పటికీ చెప్పదు. అది నోరు తెరిస్తే సీరియలోళ్ళకి గిరాకీ యాడుంటాది?"

సీరియల్ ఒక్క రోజు కూడా చూడకుండానే అవ్వకి కథంతా వచ్చేసింది. టైలరక్క జాకెట్టుకి కాజాలు కుట్టుకుంటూనే "బోనసు గీత దాటినాడా?" అని గోడవతలికి కేకేసేది. ఒకసారి అవ్వ కోపంలో కావాలనే సీరియల్ మధ్యలో చానెలు తిప్పేసింది. టీచరు ఆమెను బయటికి పంపింది. మునిమనవరాళ్ళున్న మనిషి, ఔటైన ఆటగాడిలా వెళ్ళి కిక్కురుమనకుండా అరుగు మీద కూర్చుంది, అవతలివాళ్ళు పిలిచేదాకా.

టీచరు దీన్ని పాఠంగా ఎప్పుడూ చెప్పలేదు. ఆట సాఫీగా జరగాలి, అరుపులు ఆట కోసమే ఉండాలి, అంతే ఆమెకి కావలసింది. నాకు ఆటను చూడటం నేర్పింది. చేతుల్ని కాదు, పాదాల్ని చూడమనేది. "చేతులు అబద్ధం చెప్తాయి పాపా. మనిషి ఎటు పోవాలనుకుంటాడో మడమకి ముందే తెలుస్తాది." ఇప్పుడు నేను రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేసేటప్పుడు కూడా వచ్చినవాళ్ళ మడమలే చూస్తుంటాను. భయపడుతున్నవాళ్ళు వాకిలి వైపు తిరిగి ఉంటారు.

ఈ ల్యాబు పని కన్నా ముందు నేను బ్యాంకు కోచింగులో చేరి మానేశాను. బీఈడీ సీటొస్తే మధ్యలో వదిలేశాను. ఇన్సూరెన్సు ఆఫీసులో కొన్నాళ్ళు కూర్చున్నాను. ప్రతిసారీ ఉదయగిరి నుంచి ఒకటే మాట, పిల్లకి కుదురు లేదని. ఒకసారి ఆ మాట టీచరు ముందే ఫోన్లో వినపడింది. ఫోను పెట్టాక ఆమె బూటు లేసు కట్టుకుంటూ అంది: "కోర్టులో కుదురుగా నిలబడినోళ్ళనే కూతకొచ్చినోడు ముందు తాకేది. నువ్వు కదలతా ఉండు. గీత మాత్రం దాటబాక." ఆ గీత ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎందుకో నాకు తెలుసుననే అనిపించింది.

ఒకసారి అమ్మ చెప్పకుండా ఆత్మకూరు బస్సెక్కి వచ్చేసింది, ఆ అబ్బాయిని పట్టుకోవడానికి. సంచీ నిండా రాగిపిండి, చింతపండు. గది కలియజూసింది. మంచం కింద కూడా చూసింది. ఎవరూ దొరక్క సాయంత్రం హాల్లోకొచ్చి కూర్చుంటే, టీచరు రిమోటు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"అయ్యో, నాకొద్దు టీచరమ్మా. నాకు నొక్కేది రాదు."

"రాకపోతే ఇంకా మంచిది. అడిగిందే నొక్కతావు."

వెనక నుంచి అవ్వ కేక వేసింది. "ఏమ్మే ఉదయగిరామే, ఆట ఇంకో దాంట్లో వస్తుండాదంట, అది పెట్టు!" అమ్మ రెండు చేతుల్తో రిమోటును పట్టుకుని, ఏ మీట నొక్కాలో నన్నడిగి నొక్కింది. అవతల గదిలో ఈలలు, చప్పట్లు. అమ్మ ఉలిక్కిపడి నా వైపు చూసింది, తర్వాత పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఇంట్లో అమ్మ ఏం చేసినా ఎవరూ చప్పట్లు కొట్టరు. అన్నం పెడితే ఉప్పు గురించి మాట్లాడతారు.

మర్నాడు బస్టాండులో అంది: "బో బాగుండాది ఆ ఇల్లు." బస్సు ఎక్కాక కిటికీలోంచి తల బయటపెట్టి, "అయినా ఆ పిల్లోడు యాడుంటాడే?" అని అడిగింది.

టీచరు ఆ ఆదివారం పొద్దున బూట్లు సుద్ద పెట్టి మెట్ల మీద ఆరేసి, పక్కనే కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదట. టైలరక్క చెప్పింది. నాయనా నేనూ మధ్యాహ్నానికి చేరాం. వీధి నిండా ఆడవాళ్ళు. ఆమె దగ్గర ఆటలు నేర్చుకున్నవాళ్ళు అనుమసముద్రంపేట నుంచి, వింజమూరు నుంచి కూడా వచ్చారు. కొందరి తలలు నెరిశాయి, కొందరి చంకల్లో మనవళ్ళున్నారు. పాడె లేపేటప్పుడు టీచరు తమ్ముడు, "అమ్మా, కాస్త దారియ్యండి" అన్నాడు. అంతే. ఎవరూ చెప్పకుండానే ఆ ఆడవాళ్ళంతా గోడ వెంబడి బారు తీరారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, చేయి చాచినంత ఎడం. ఒకామె ఏడుస్తూనే పక్కామెతో, "నువ్వు నా కన్నా పొడుగు, వెనక్కి పో. టీచరు చూస్తే తిడతాది" అంది. వరసంతా ఒక్కసారి నవ్వింది. మోసేవాళ్ళు ఏం జరిగిందో తెలియక ఒక్క క్షణం ఆగారు. చావింట్లో అంత చక్కటి నవ్వు నేను మళ్ళీ వింటానని అనుకోను.

పెద్దకర్మ అయిన రోజు నాయన సామాన్లకి సంచులు తీసుకుని వచ్చాడు. టీచరు తమ్ముడు వింజమూరులో వ్యవసాయం చేసే మనిషి, మెత్తనివాడు. "నువ్వెటూ పోతుండావు కదమ్మా. ఇల్లు తాళమేస్తా. డిష్షు, పెట్టె విప్పించేస్తా" అన్నాడు. వరండాలో టైలరక్క, అవ్వ, ఇంకొందరు నిలబడి ఉన్నారు. అవ్వ ఒక్కతే నా మొహంలోకి చూసి, "పోతుండావామే?" అంది.

నేను టీచరు తమ్ముడి వైపు తిరిగాను. "ఇల్లు మొత్తం నాకు బాడుగకిస్తారా?"

"నీకేం పిచ్చా?" అన్నాడు నాయన. "ఒక్క ఆడపిల్లకి ఇంత ఇల్లెందుకు? రేపు ఎవురన్నా ఏమన్నా అంటే?"

"ఇప్పుడు అంటానే ఉండారు కదా నాయనా."

"ఎవురంటుండారు?"

"మీరే."

టీచరు తమ్ముడు దగ్గి, "మీ నాయన ఒప్పుకుంటే నాకేమీ లేదమ్మా" అన్నాడు. "నేనొప్పుకోను" అన్నాడు నాయన. "బాడుగ ఆయన కట్టేది కాదు, నేను కట్టేది" అన్నాను. టీచరు తమ్ముడు నాయన వైపు ఒకసారి చూసి తాళంచెవులు నా చేతిలో పెట్టాడు.

నాయన నా సూట్‌కేసు పట్టుకుని వరండాలోనే నిలబడ్డాడు, నేను మనసు మార్చుకుంటానేమోనని. పొద్దు వాలింది. రోజూ టీవీ వేళకి వచ్చినట్టే ఆడవాళ్ళు ఒక్కొక్కరే గేటు తీసుకుని వస్తున్నారు. ఆయనకి అటొక జత, ఇటొక జత చెప్పులు విడిచి, పక్కనుంచి లోపలికి పోతున్నారు. చెప్పులు పెరిగేకొద్దీ ఆయన సూట్‌కేసును కొంచెం కొంచెంగా గోడ వైపు జరుపుకున్నాడు.

నేను వెళ్ళి ఆ సూట్‌కేసు తీసుకుని లోపల పెట్టేశాను. నేను ఉదయగిరికి రావడం లేదు. ఆత్మకూరులోనే ఉంటాను.