విశాలాక్షిగారు పెట్టని సంతకం

కాదు, ఆ మాట నేనొప్పుకోను. "మంచి మనిషే, కానీ ఒట్టి చాదస్తం" అని మా పాత ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో ఒక సీనియర్ పెట్టారు. కింద దండాలు, పువ్వులు, ఏడుపు బొమ్మలు. విశాలాక్షిగారు కాకినాడలో కన్నుమూశారన్న కబురు వచ్చి అప్పటికి పూటైనా గడవలేదు. దోహా ఏషియన్ టౌన్‌లో టీ తాగుతూ ఆ కబురు చదివి కొయ్యబారిపోయాను. దాని వెనకే ఈ చాదస్తం! జవాబు టైప్ చేశాను, చెరిపేశాను, మళ్ళీ చేశాను. ఫోన్లో పట్టే సంగతి కాదిది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

దోహాలో మందుల్ని పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఆవిడ మాకు పెద్ద. చమురు, గ్యాసు సిరితో ఊరు మేఘాల్లోకి పెరుగుతున్న రోజులవి. ఎటు చూసినా కొత్త కూలీల క్యాంపులు, కొత్త క్లినిక్కులు, వాటికి ఓడల మీద మందులు. మాత్రలో ఉండాల్సినంత మందు ఉందా లేదా తేల్చడం మా పని. దానికి ఆధారం రిఫరెన్స్ స్టాండర్డ్. అంటే, స్వచ్ఛత ఎంతో ముందే నిర్ధారించి, వేలెడంత సీసాలో పంపే పొడి. కొట్లో తూకపురాయి ఎలాగో మాకది అలాగ. ఆ సీసాలుండే ఫ్రిజ్ తాళంచెవి ఆవిడ మంగళసూత్రం పిన్నీసుకి వేలాడుతుండేది.

నేను చేరిన కొత్తలో, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను బల్లమీద పెట్టి ఆవిడ ఊరికే కూర్చున్నారు.

"ఏంది మేడమ్, మూత తీయరా?"

"చల్లగా ఉండగా తీస్తే గాల్లో తేమంతా తాగేస్తుంది నాయనా. దానికి దాహమెక్కువ. కాస్త కుదురుకోనీ."

"అప్పటిదాంక నేనేం చెయ్యాలె?"

"చేతిలో ఫోనుందిగా! నీకు కాలక్షేపానికేం లోటు?"

ల్యాబంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఇక అసలు సంగతి. వేసవి చివర, ఉక్క ప్రాణం తీసే రోజుల్లో, ఫిట్స్ మాత్రల సరుకొకటి పరీక్షకొచ్చింది. ఆరోజే ల్యాబ్‌లో ఏసీ మొరాయించింది. పైన చెప్పిన ఆ సీనియరే పరీక్ష చేసి పాస్ అన్నారు. సంతకం చేయాల్సింది విశాలాక్షిగారు. ఆవిడ కాగితం వైపు చూడలేదు. బల్లమీది స్టాండర్డ్ సీసా వైపు చూశారు. దాని మెడ మీద ఇంకా చెమట బిందువులున్నాయి. చల్లదనం పోకముందే మూత తీశారన్నమాట.

నీళ్ళు పీల్చిన పొడిని తూస్తే నీళ్ళు కూడా మందు లెక్కలోకి వచ్చేస్తాయి. కొలబద్దే నీరసపడితే, దాని పక్కన నిలబెట్టిన నాసిరకం మాత్ర కూడా పహిల్వానులా కనిపిస్తుంది. ఆ మాత్ర మింగి ధైర్యంగా రోడ్డు దాటే మనిషికి నడిరోడ్డు మీద ఫిట్స్ రావచ్చు.

"దీన్ని పారేసి కొత్త సీసా తీద్దాం," అన్నారావిడ.

మేనేజర్ మా హైదరాబాదాయనే. ఉరుక్కుంటూ వచ్చాడు. "యల్లా మేడమ్, జల్ది! ఒక్క సంతకం! బయట బండి నిలబడ్డది!"

"ఎండలోనా? అయ్యో, మందులు పాడైపోతాయండీ. ముందు నీడలో పెట్టించండి."

"మేడమ్, మీ కాంట్రాక్ట్ కాయితాలు నా టేబుల్ మీదనే ఉన్నయి. మరిచిపోకుండ్రి."

ఆ బెదిరింపు బరువు మా అందరికీ తెలుసు. ఆవిడ భర్తకి అప్పటికే ఉద్యోగం పోయింది. కూతురు పన్నెండో తరగతి, ఇక్కడే బడి. ముగ్గురూ దోహాలో ఉన్నది ఆవిడ ఉద్యోగం వీసా మీదే.

"మర్చిపోలేదండి," అని, కొత్త సీసాను బల్లమీద పెట్టి, దాని ముందు ఎప్పటిలాగే కూర్చున్నారు. మేనేజర్ అరిచాడు, బతిమాలాడు, ఎవరికో ఫోన్ చేసి మళ్ళీ అరిచాడు. ఆవిడ కదల్లేదు. నిష్ఠ అన్న మాట అంతకుముందు విన్నానంతే. కళ్ళారా చూసింది ఆ మధ్యాహ్నమే.

మళ్ళీ చేసిన పరీక్షలో సరుకు ఫెయిల్. పెట్టెలు వచ్చినదారినే పోయాయి.

పాడైన సీసాకి సంజాయిషీ అడిగితే, "స్టాండర్డ్‌ల బాధ్యత నాది" అని రాసిచ్చేశారు. సీసా చెడగొట్టింది ఆ సీనియర్ కదా అని నేను గొడవకి లేచాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "నువ్వు నోరు విప్పితే అతని ఉద్యోగం పోతుంది. ఇంట్లో పసిబిడ్డ. పేరెత్తకు." అందుకే ఇవాళ కూడా పేరు రాయడం లేదు. నిర్వహణలో లోపమని సాకు చూపి ఆవిడ కాంట్రాక్ట్ పొడిగించలేదు. కూతురు పరీక్షలు రాయకముందే ముగ్గురూ విమానమెక్కారు.

నిన్న ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "ఆ ఏడాది పోయిందని అమ్మ మీద చాలాకాలం అలిగాను, అన్నా. ఎందుకొచ్చేశామని అడిగితే, కాంట్రాక్ట్ అయిపోయిందే, అనేది. అంతే." జరిగింది చెప్పాను. "అమ్మ ఒక్కసారి చెప్పి ఉంటే అలిగేదాన్ని కాదుగా," అంది.

ఇంత మహోన్నతురాలి పక్కన పనిచేశానన్న సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అటువంటి మనిషి పోతే ఆ కుర్చీలో మరొకరు కూర్చోవచ్చు, ఆ చోటు నిండదు.

పిల్ల చదువు, ఇంటి నీడ, తన బతుకు అన్నీ ఎదుటివాడి టేబుల్ మీదున్నప్పుడు, మొహమైనా తెలియని రోగి కోసం మీరూ నేనూ ఆ కలం కింద పెట్టేవాళ్ళం కాదు, సంతకం గీకేసేవాళ్ళమని నేనంటున్నాను. కాదనే మొనగాళ్ళు ఎవరైనా ఉన్నారా?