దారంతో కొలిచిన దూరం

ఉదయం ఏడింటికి లేహ్‌లో దిగాం. విమానం తలుపు తెరవగానే చలి ముక్కుపుటాలను కోసింది. మొదటి ఆర్డరు: పరుగెత్తొద్దు, బరువులెత్తొద్దు, మంచాల మీద పడుకుని ఊపిరి పీల్చుకోండి. ప్రత్తిపాడు ఎండలో మిరప టిక్కీలు, ఆ నిండు గోనె బస్తాలు, మోసినవాణ్ణి, నాకు నవ్వొచ్చింది. బ్యారక్ మెట్లు నాలుగు ఎక్కేసరికి ఆ నవ్వు పోయింది.

వారం తర్వాత పైనున్న పోస్టుకు పంపారు. బయట మంచు, బూడిదరంగు రాళ్లు. బంకర్లో కిరసనాయిలు స్టవ్వు, గోడకు దేశపటం. మా రేడియో ఆపరేటర్‌ది పొదిలి. పెళ్లికాలేదు, నోరు ఊరుకోదు. నాకు కొడుకు పుట్టాడన్న కబురు వాడి సెట్లోనే వచ్చింది. నాకంటే ముందు బంకర్లో అందరికీ చెప్పేశాడు.

ఆ సాయంత్రం గుండీలు కుట్టుకునే దారం తీసి పటం మీద పరిచాడు. లేహ్ దగ్గర ఒక ముడి, గన్నవరం దగ్గర ఒక ముడి వేశాడు.

"ఒరేయ్, రెండు వేల కిలోమీటర్లేరా. చూడు, మూరెడు కూడా లేదు. తిన్నగా ఎగిరితే మూడు గంటలు."

నేను నమ్మేశాను. ఫోన్లో మా ఆవిడ సుజాత అడిగింది: "బారసాలకి వస్తారా? బియ్యంలో పేరు తండ్రే రాయాలండి."

"మూడు గంటల దూరమే కదా. వస్తాను," అన్నాను. సెలవు దొరికింది. దారం జేబులో పెట్టుకుని కిందికి దిగాను.

లేహ్‌లో విమానాలు పొద్దున పూటే ఎగురుతాయి, మధ్యాహ్నమైతే గాలి ఎక్కువ. మొదటి రోజు మంచు పడి రద్దయింది. రెండో రోజూ అంతే. ఆ రోజే బారసాల. నేను ఆగిన క్యాంపుకు ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"దారం మీద ఎక్కడున్నావురా?"

"మొదటి ముడి దగ్గరే."

"అనవసరంగా ఆశపెట్టాన్రా," అన్నాడు వాడు. వాడి గొంతు అంత నెమ్మదిగా వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఎండ కాసింది. ఢిల్లీలో విమానం మారి గన్నవరంలో దిగాను. అక్కణ్ణుంచి కారు. ఊరి పొలిమేరలో మిరప ఘాటుకి తుమ్మొచ్చింది, ప్రాణం లేచొచ్చింది.

ఇంటి వాకిలంతా కాయలు ఆరబోశారు. కాయల్లోకి చెప్పులతో వెళితే మా ఇంట్లో ఊరుకోరు. బూట్లు విప్పి, సందు చూసుకుంటూ నడిచాను. అరుగు మీద సుజాత, ఒళ్లో పిల్లాడు. పటం మీద కొలిచింది దీంతోనేనంటూ దారం తీసి చూపించాను.

"ఇదేనా మీ దూరం?" అంది. "మీ దారం మీద మంచు కురవదు కదండీ."

పక్కనున్న పళ్లెం మీది గుడ్డ తీసింది. చదునుగా పరిచిన బియ్యం. ఒక్క అక్షరం లేదు.

"నిన్న మా అన్నయ్య రాస్తానన్నాడు. నాన్న రానిదే నాకు పేరొద్దని వీడు ఏడ్చాడు," అంది. ఏడ్చింది ఎవరో ఆమె కళ్లే చెప్పాయి.

చలికి పగిలిన వేలితో కొడుకు పేరు రాశాను. బియ్యపు గింజలు పగుళ్లలో గుచ్చుకున్నాయి.

ఉద్యోగం వదిలి చాలా కాలమైంది. కిరసనాయిలు వాసన తగిలితే ఆ బంకర్‌కి ఒక్కసారి వెళ్లి రావాలనిపిస్తుంది. కొండలు కొన్ని మరిచిపోయాను, కొందరి ముఖాలు కూడా. ఆ పళ్లెం మాత్రం కళ్లముందే ఉంది: ఎర్రటి వాకిలి పక్కన, నాకోసం రాత్రంతా ఎవరూ వేలు పెట్టని తెల్లటి బియ్యం.