అయిపోయింది అన్నాకే ఫోటో

తాను చేసి పంపిన పిల్లల మొహాలు చేసినట్టే ఉన్నాయా, దారిలో ఏమైనా మారాయా అని దేవుడికి ఎప్పుడైనా అనుమానం వస్తే, మా అమ్మమ్మ స్టూడియోకి వచ్చి, బెంచీ మీద ఒద్దికగా కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఆగాలి. అసలు మొహాలు ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు. లోకంలో మిగతావన్నీ ఫోటో కోసం తగిలించుకున్న మొహాలే.

ఈ గొప్పలు ఆవిడవి కావు. ఆవిడ నోట గొప్ప వినాలంటే కోడికి పళ్ళు రావాలి.

ఆ పని ఇద్దరిది. అమ్మమ్మ కెమెరా పట్టుకునేది, తాతయ్య అబద్ధమాడేవాడు. పిల్లల్ని తెర ముందు ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు పక్కలా గొడుగు దీపాలు వెలిగించి, "ఆఁ, నవ్వు నాన్నా! ఇంకా! ఇంకా పెద్దగా!" అని తాతయ్య అరిచేవాడు. పిల్లలు పళ్ళన్నీ బయట పెట్టేవాళ్ళు. అమ్మమ్మ ఒకటి రెండు నొక్కేది. అవి ఎవరికీ ఇవ్వని ఫోటోలు. అప్పుడు తాతయ్య చేతులు దులుపుకుని, "అయిపోయింది! ఇంక దిగొచ్చు!" అని గోడ మీద స్విచ్చు టక్కున కట్టేసేవాడు.

గొడుగు దీపాలు ఉత్త వేషం. అసలు వెలుగు మొదటినుంచీ పక్కనున్న పెద్ద కిటికీది. దీపాలు ఆరగానే పిల్లలు ఊపిరి వదిలేవాళ్ళు. లాగి పట్టుకున్న పెదాలు వాటి చోటికి అవి వచ్చేసేవి. ఒకమ్మాయి నవ్వీ నవ్వీ నొప్పెట్టిన చెంపలు నిమురుకునేది. ఒకడు బూటు మొనతో రెండో కాలి పిక్క గోక్కునేవాడు. అక్కాతమ్ముళ్ళయితే ఆపిన పోట్లాట ఆపినచోటి నుంచే అందుకునేవాళ్ళు. అమ్మమ్మ వేలు అప్పుడు కదిలేది. పిల్లలకి తెలిసేది కాదు. తల్లులు మాత్రం ఆ ఫోటో చూసి, "ఇదీ మా పిల్ల!" అనేవాళ్ళు.

"ఇది మోసం కదా తాతయ్యా?" అని మనవరాలు ఓసారి నిలదీసింది.

"మోసమే మరి. మీ అమ్మమ్మ కూడా పెళ్ళిచూపుల్లో నవ్వింది. పెళ్ళయిపోయింది అన్నాక కదా అసలు మొహం చూపించింది!"

"నువ్వు అప్పుడూ చూపించలేదు, నేనే వెతుక్కున్నాను," అంది అమ్మమ్మ, లెన్సు తుడుస్తూ.

తాతయ్య పోయిన రోజు ఆసుపత్రి వరండాలో డాక్టరు బయటికి వచ్చి, మామయ్య భుజం మీద చెయ్యి వేసి, "అయిపోయిందండీ," అన్నాడు. అమ్మమ్మ కుడిచేతి చూపుడువేలు ఒక్కసారి వంగి లేచింది. అత్తయ్య అది చూసి, వణుకు కాబోలనుకుని ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వణుకు కాదు. ఆ మాట వినపడితే ఆ వేలు చేసే పని అదొక్కటే. అమ్మమ్మ తన వేలి వంక ఎవరిదో వేలు చూసినట్టు చూసింది.

ఆ తర్వాత ఆవిడకి ఏమీ అనిపించలేదు. కాలు తిమ్మిరెక్కితే నేలకేసి కొట్టుకుంటాం. మనిషికి మనిషే తిమ్మిరెక్కితే దేనికేసి కొట్టాలి? ఫ్యాను వేసుకోకుండా ఒళ్ళంతా చెమటతో కూర్చునేది. చేతిలో ఫోను మోగుతుంటే, ఎవరిదో మోగుతోందని అత్తయ్యతో అనేది. చిన్నమ్మమ్మ, అంటే ఆవిడ సొంత చెల్లెలు, అక్కని ఎలాగైనా ఏడిపించి గుండె బరువు దింపాలని పనిగట్టుకుని వచ్చింది. ఎదురుగా కూర్చుని బావగారి మంచితనం అంతా ఏకరువు పెట్టింది. చెప్పీ చెప్పీ తనే భోరుమంది. అమ్మమ్మ లేచి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. చిన్నమ్మమ్మ మొహం తుడుచుకుని, కడుపునిండా భోంచేసి, "మా అక్క రాయి," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఏమడిగినా అమ్మమ్మ జవాబు ఒకటే: సరే. ఆయన చొక్కాలు ఎవరికైనా ఇచ్చేద్దామా? సరే. మంచం ఇటు జరుపుదామా? సరే.

స్టూడియో మాత్రం తీసేది. అలవాటు కొద్దీ తాళం దానంతటదే ఆవిడ చేతిలో తిరిగేది. పిల్లలు వచ్చేవాళ్ళు. వచ్చిన చిక్కల్లా ఒకటే: అబద్ధమాడే మనిషి లేడు. తానే "అయిపోయింది" అంటే, కెమెరా ఇంకా కంటి దగ్గరే ఉందని పిల్లలు కనిపెట్టేసేవాళ్ళు. మామయ్యని నిలబెడితే, రైలు వస్తోందని చాటినట్టు చాటేవాడు. పిల్లలు దిగి తలుపువైపు పరిగెత్తేవాళ్ళు. మనవరాలిని పెడితే, సగం మాటలోనే ఫక్కున నవ్వేసేది. ఫోటోలన్నీ ఒకేలా వచ్చాయి. అమ్మమ్మ చూసి, "పళ్ళున్నాయి, పిల్ల లేదు," అని చెరిపేసేది. తల్లిదండ్రులకి అవే చాలు అన్నా ఇచ్చేది కాదు. కొందరు కోపగించుకుని వెళ్ళిపోయారు.

చివరికి మామయ్య, "అమ్మా, నీకు రావట్లేదు. ఎందుకీ యాతన? ఫోను కవర్లు అమ్మే అతను షాపు అద్దెకి అడుగుతున్నాడు. ఇచ్చేద్దామా?" అన్నాడు.

"సరే," అంది అమ్మమ్మ.

అలా ఒక్క ముక్కతో ఆవిడ బతుకంతా చేసిన పని చేజారిపోబోయింది. ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు.

కవర్లతను టేపు పట్టుకుని కొలతలకి వచ్చిన రోజున, మామయ్య అతనితో గోడలు కొలిపిస్తుండగా, ఒక తల్లి కొడుకుని చెయ్యి పట్టి లాక్కుంటూ వచ్చింది. వాడికి ముందు పన్ను ఊడింది.

"కొత్త పన్ను మొలవకముందే తీయించాలండీ. మళ్ళీ ఈ బోసినోరు రమ్మంటే వస్తుందా?"

"స్టూడియో మూసేస్తున్నామండీ," అన్నాడు మామయ్య.

"మీరు కాస్త తీయండి అమ్మగారూ," అంది తల్లి, మామయ్యని దాటుకుని.

"సరే," అంది అమ్మమ్మ. అందరికీ చెప్పే సరేనే అది.

వాడు స్టూలెక్కాడో లేదో రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు. మెడ వంచాడు. కళ్ళు పెద్దవి చేశాడు. ఫోను ముందు పుట్టి ఫోను ముందు పెరిగిన పిల్లవాడు. కెమెరా వాసన తగిలితే చాలు, హీరో అయిపోతాడు. అమ్మమ్మ కెమెరాని స్టాండుకి బిగించి, దూరం నుంచి నొక్కే తీగ చేత్తో పట్టుకుని, పక్కన కుర్చీలో కూలబడింది. నవ్వమనలేదు, వద్దనలేదు. దీపాలు కూడా వెయ్యలేదు. కొంచెం సేపటికి తానక్కడ ఎందుకు కూర్చుందో కూడా మరిచిపోయింది.

"ఈ స్విచ్చు చుట్టూ గోడ నల్లగా జిడ్డుపట్టింది. రంగు వేయిస్తే పోతుందిలెండి," అన్నాడు కవర్లతను.

అమ్మమ్మ అటు చూసింది. తాతయ్య వేళ్ళు తగిలీ తగిలీ నల్లబడిన చోటు అది. ఎవరో ఇప్పుడే చెయ్యి పెట్టి తీసినట్టుంది.

పిల్లవాడు వేషాలన్నీ వేసి అలిసిపోయాడు. ఎత్తిన వేళ్ళు నెమ్మదిగా ఒళ్ళోకి దిగాయి.

"మామ్మా, అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా," అంది అమ్మమ్మ, గోడ వంకే చూస్తూ.

తాతయ్య జన్మంతా అన్న మాటే అది. ఒక్కనాడూ అందులో నిజం లేదు. ఇవాళ దాన్లో అబద్ధం వెతికినా లేదు. పిల్లవాడు నమ్మేశాడు. ఆవిడ వేలు దాని పని అది చేసుకుపోయింది. కెమెరా చప్పుడు ఆవిడకే వినపడలేదు.

కెమెరా వెనక తెర మీద చూస్తే, వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. ఊడిన పన్ను సందులోంచి నాలుక కొస కనపడుతోంది. వాడు నవ్వట్లేదు. తలుపు తెరిచి ఉండి లోపల ఎవరూ లేని ఇంటిని చూసినట్టు, అమ్మమ్మ మొహంలోకి చూస్తున్నాడు.

"నవ్వలేదేం వీడు?" అంది తల్లి. మళ్ళీ వంగి చూసింది. ఇంకాసేపు చూసింది. "జ్వరం తగ్గిన మర్నాడు లేచి నన్నిలాగే చూశాడండీ. చాలాసేపు అలా ఊరికే చూశాడు."

"నవ్వేది ఇంకోటి తీయనా?"

"వద్దండీ. ఇదే ఇవ్వండి."

అమ్మమ్మ ఆ బొమ్మ చెరపలేదు. సంతోషమూ కలగలేదు. వాడి చూపుని బట్టి తన మొహం ఇలా ఉంటోందన్నమాట అని మాత్రం అనుకుంది, పక్కింటి కబురు విన్నట్టు.

ఇంతలో కవర్లతను, "అమ్మగారూ, ఈ కిటికీ మూయించి ఇక్కడ అరలు కొట్టిస్తాను, సరేనా?" అన్నాడు. మామయ్య అటు తిరగనైనా లేదు. జవాబు తెలిసిందే కదా.

"కిటికీ మూయడం కుదరదు."

మామయ్య చేతిలోంచి టేపు చివర జారి సర్రున వెనక్కి వెళ్ళిపోయింది. "అదేంటమ్మా! నువ్వే కదా సరే అన్నావు?"

"అన్నాను. నువ్వేమడిగావో వినిపించుకోలేదు. ఇప్పుడు విన్నాను."

"మరి నాన్నలా అబద్ధమాడేదెవరు? ఎలా తీస్తావు?"

"వాళ్ళు అలిసిపోయేదాకా కూర్చుంటాను. నాకింకేం పనుంది?"

కవర్లతను టేపు జేబులో వేసుకుని, వెళ్తూ వెళ్తూ తన పాపని ఎప్పుడు తీసుకురమ్మంటారని అడిగాడు. వ్యాపారస్తుడు ఊరికే పోడు.

ఇప్పుడు స్టూడియోలో పని అలాగే నడుస్తోంది. పిల్లలు వేషాలు వేస్తారు, అమ్మమ్మ తీగ పట్టుకుని కూర్చుంటుంది. పొద్దు ఎంత పోయినా ఆవిడకి తెలియదు. పోయిందని పిల్లలకే ముందు తెలుస్తుంది. ఆవిడ తిమ్మిరి దిగిందనుకుంటే పొరపాటు. ఇంట్లో ఇంకా ఫ్యాను ఎవరో ఒకరు వెయ్యాల్సిందే. మనవరాలికి కూడా ఉద్యోగం దొరికింది: కిటికీకి ఎదురుగా నిలబడి, పిల్లల మొహం మీదికి వెలుగు పడేలా తెల్లట్ట పట్టుకోవడం. నోరు తెరవకపోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే గానీ, అది ఇంకా కుదరలేదు.

మొన్న స్టూలు మీద ఒక పాప, అమ్మమ్మ కుర్చీలో. అట్ట పట్టుకున్న మనవరాలు ఉండబట్టలేక గుసగుసలాడింది: "అమ్మమ్మా, నీ గురించి రాస్తున్నాను, నిజం చెప్పు. ఆ బోసినోటి వాడి ఫోటో పడ్డాకైనా నీకు ఏడుపొచ్చిందా?"

"రాలేదు. వచ్చినప్పుడు ఏడుస్తాను. నా మొహం చూడటం మాని ఆ అట్ట తిన్నగా పట్టుకోవే, పిల్ల చెంప మీద చీకటి పడుతోంది."