సందేహాన్ని సెలవు చీటీ అనుకున్న కంప్యూటర్: ఫరీదాబాద్‌లో ఒక రోజు

కృత్రిమ మేధ అని పేరు పెద్దదే గానీ, నేను రెండేళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రాం చేసే పని చిన్నది. విద్యార్థి సందేహం టైపు చేస్తే, అందులోని మాటలను బట్టి పాఠాల్లో వెతికి జవాబిస్తుంది. నా గదిలో ప్రశ్న వేసేదీ నేనే, మెచ్చుకునేదీ నేనే. కాకి పిల్ల కాకికి ముద్దు. ఫరీదాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ దాన్ని చూస్తానంది. అక్కడి సాయంత్రం తరగతుల వాళ్లు పగలు ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. క్లాసయ్యాక సందేహం వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. ప్రిన్సిపాల్‌కు నచ్చితే ఈ సెమిస్టరే ల్యాబులో పెడతారు. లేకపోతే నా రెండేళ్లూ బీరువాలోకే.

ఉదయం ఏడింటికి ఢిల్లీ సరోజినీ నగర్‌లో ఆటో ఎక్కాను. నిజాముద్దీన్ స్టేషనుకు నూట ఇరవై రూపాయలు. ల్యాప్‌టాప్ సంచిని ఒళ్లో పొదువుకోవడం చూసి, లోపల పాపాయి ఉందా అని డ్రైవరు నవ్వాడు. పల్వల్ వెళ్లే లోకల్ రైల్లో నలభై నిమిషాలు, షేర్ ఆటోలో మరో పావుగంట. కాలేజీ క్యాంటీన్‌లో ఆలూ పరాఠా తింటుంటే వంటాయన అడక్కుండానే ఇంకాస్త వెన్న వేశాడు. శుభశకునం అనుకున్నాను.

వారపు సెలవున్న ముగ్గురు విద్యార్థులను ప్రిన్సిపాల్ పిలిపించారు. మొదట లేత్ మెషీన్ నడిపే సురేందర్ కూర్చుని చాలాసేపు టైపు చేశాడు. మోటారు ఎందుకు వేడెక్కుతుందన్నది అతని సందేహం. జవాబుగా సెలవు నిబంధనలొచ్చాయి. మిగతా ఇద్దరికీ అంతే. ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ముగ్గురూ రాసింది చూస్తే అసలు సంగతి తెలిసింది. ‘గౌరవనీయులైన సర్, సవినయంగా మనవి చేసుకొనునది’తో మొదలుపెట్టి, ‘దయతో అనుమతించ ప్రార్థన’తో ముగించారు. చిన్నప్పటినుంచీ పెద్దలకు ఏం రాసినా అర్జీలాగే రాయడం అలవాటు మరి. కాలేజీ నియమాలు కూడా అందులో ఎక్కించానేమో, నా ప్రోగ్రాం దాన్ని సెలవు చీటీ అనుకుంది.

ఫైళ్లతో వచ్చిన ఆఫీసు క్లర్కు పద్మ ఆంటీది విజయనగరం. స్క్రీను చూసి మెల్లగా అన్నారు: "అచ్ఛా, ఇదా మేడమ్. ఇరవయ్యేళ్లుగా అర్జీలు చదువుతున్నాను. పై రెండు లైన్లూ, కింది రెండు లైన్లూ ఎప్పుడూ చూడను. అసలు సంగతి మధ్యలో ఉంటాది."

ప్రిన్సిపాల్ టీ తాగి వచ్చేలోపు ఆ మాటే ప్రోగ్రాంకు నేర్పాను. సురేందర్ అర్జీ మళ్లీ వేశాం. ఈసారి మోటారు పాఠం తెరుచుకుంది, తర్వాత మిగతా ఇద్దరివీ. ఈ సెమిస్టరుకు పెడదామన్నారు ప్రిన్సిపాల్.

తిరుగు రైల్లో కడుపూ మనసూ నిండి ఉన్నాయి. రెండేళ్లు పుస్తకాలు తిరగేశాను గానీ, అర్జీలు చదివే మనిషిని ఒక్క మాట అడగలేదు. ఇలాంటి పని మీద కాలేజీలకు వెళ్లేవాళ్లు ముందు ఆఫీసు గదిలో ఒక టీ తాగండి; నాలుగున్నర లోపు బయల్దేరితే రైల్లో సీటూ దొరుకుతుంది. అన్నట్టు, కాలేజీలో బయల్దేరే ముందు నేను సర్దుకుంటుండగా సురేందర్ మళ్లీ కూర్చుని ఏదో టైపు చేశాడు. జవాబేమీ రాలేదు. వెళ్లి చూశాను. రెండే లైన్లు: ‘గౌరవనీయులైన సర్, నా సందేహం తీరింది. మీకు కృతజ్ఞుడను.’ ప్రోగ్రాం వాటిని చదవలేదు. నేను రెండుసార్లు చదువుకున్నాను.