కన్నీళ్ళంత ఉప్పు

జాలరిపేటలో గంగాలమ్మ ఏడవగా చూసినవాళ్ళు లేరు. పెళ్ళినాడు అప్పగింతలప్పుడు తల్లి భోరుమంటుంటే, "రెండు వీదులవతలే కదే అమ్మా, సాయంత్రం కూర పట్టుకెల్డానికొత్తాను, గిన్ని కడిగుంచు" అని తల్లినే ఊరుకోబెట్టింది. హుద్‌హుద్ తుపానుకు ఇంటి పైరేకులు లేచిపోతే ఆకాశంలోకి చూసి, "ఇన్నాల్లకి ఇంట్లో గాలాడింది" అంది.

అలాంటి మనిషికి తగ్గ మొగుడే దొరికాడు. తాతబాబు నోరు మూతపడ్డం కూడా ఎవరూ చూడలేదు. ఆవిడ ఒకటంటే ఆయన నాలుగనేవాడు. పక్కింటి పోతమ్మ ఆ తగువులు నంజుకుంటూ అన్నం తినేది. పోతమ్మ వేరే రకం. టీవీ సీరియల్లో ఎవరికి జలుబు చేసినా కొంగు తడుపుకునేది.

గంగాలమ్మకు గర్వమంటూ ఉంటే అది తన చేతి మీదే. చేపల పులుసుకైనా, ఎండబెట్టే చేపలకైనా ఉప్పు చేత్తోనే వేస్తుంది. చెంచా ఉన్నది చంటిపిల్లలకు మందు పోయడానికని ఆవిడ నమ్మకం.

ఆ మే నెలలో ఎండ నిప్పులు చెరిగింది. ఇంట్లో తాగేవి కాచి చల్లార్చిన నీళ్ళే. పేటలో ఆశా కార్యకర్తగా పనిచేసే సుధారాణి పోరు పడలేక గంగాలమ్మ రోజూ కాచేది. తాతబాబుకు అవి సయించేవి కావు. "సచ్చిన నీల్లు" అనేవాడు. ఆవిడ గంపెత్తుకుని బజారుకు వెళ్ళగానే చేపల పెట్టెలోంచి ఐసుముక్క విరిచి మజ్జిగలో వేసుకునేవాడు. ఒకసారి దొరికిపోయాడు.

"అది సేపల ఐసు మావా. ఏ నీల్లతో సేసినారో ఏటో."

"సేపలు తినీవోడికి సేపల ఐసు సేటా?" అన్నాడు తాతబాబు. ఆ తగువులో గెలుపు ఆయనదే అయింది.

ఆ గెలుపు రెండ్రోజులు నిలిచింది. మూడోనాడు పొద్దున్నుంచీ విరేచనాలు పట్టుకున్నాయి, బియ్యం కడిగిన నీళ్ళలాగా. వాంతులు కూడా తోడయ్యాయి. మొదట్లో, "మనింటి కులాయికి నీల్లు రావు గాని నాకొత్తన్నాయే" అని హాస్యాలాడాడు. ఎండెక్కేసరికి గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయాడు.

పోతమ్మ ఏడుస్తూనే వచ్చింది. "నీల్లియ్యకొదినా, పోసినకొద్దీ పోతాయి" అంది. గంగాలమ్మకూ అదే నిజమనిపించి చెంబు పక్కన పెట్టేసింది. ఇంతలో సుధారాణి వచ్చి చూసి, గుమ్మంలోనే ఫోను తీసి అంబులెన్సుకు చెప్పింది.

"కలరాలా ఉంది పిన్నీ. ఒంట్లో నీరంతా పోతే మడిసి సచ్చిపోతాడు. ఎన్ని పోతే అన్ని పొయ్యాల. నా కాడ ఓఆరెస్ ప్యాకెట్లు పక్క వీదిలో అయిపోనాయి. లీటరు కాచిన నీల్లలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, చదునుగా కొలిచి కలుపు. బండి మన సందులోకి రాదు, నాను రోడ్డు మీదికెల్లి స్ట్రెచర్ తెత్తాను."

ఆ పిల్ల అటు వెళ్ళగానే గంగాలమ్మ ఇటు ఉప్పు చేత్తోనే తీసి నీళ్ళలో వేసేసింది. తాతబాబు ఒక్క గుక్క తాగి ఉమ్మేశాడు.

"సంద్రాన్ని ఇంటికి తెచ్చినావేటే?" అన్నాడు. ఆ తరవాత మరి మాట్లాడలేదు.

బండి ఇంకా రాలేదని చెప్పడానికొచ్చిన సుధారాణి గిన్నెలో వేలు ముంచి రుచి చూసి, మొత్తం పారబోసింది. "ఉప్పెక్కువైతే మరీ ముప్పు. కన్నీల్లకంటే ఉప్పగా ఉండకూడదు పిన్నీ, అదే గుర్తు" అని మళ్ళీ రోడ్డు వైపు పరిగెత్తింది.

"కన్నీల్లు ఏ రుసో నాకేటి తెలుసే?" అంది గంగాలమ్మ వెనకనుంచి. నిజమే మరి.

పోతమ్మ చెంప చూపించింది. "నావి సూడొదినా, రడీగున్నాయి."

"నీవొద్దు. అవి సీరియల్ కన్నీల్లు, వాటిలో ఉప్పుండదు."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెంచా పట్టుకుని, ఆవిడ చదునుగా కొలిచి కలిపింది. గ్లాసు పట్టుకొచ్చి మొగుడి పక్కన కూర్చుంది. "తాగు మావా. మల్లీ సంద్రమన్నావంటే ఊరుకోను."

తాతబాబు కళ్ళు లోపలికి పోయాయి. చూస్తున్నాడు, అంతే. చేతి మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడిపోయింది.

"తిట్టు మావా" అంది గంగాలమ్మ. "ఒక్క మాట అను."

ఆయన అనలేదు. ఇన్నేళ్ళలో ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. గంగాలమ్మకు భయమేసింది. ముక్కు పక్కనుంచి వెచ్చగా ఏదో జారి పెదవి మీదికొచ్చింది. నాలుకతో చూసింది. తరవాత గ్లాసులో నీళ్ళూ రుచి చూసింది.

"సరిపోనాది" అంది పోతమ్మతో. "తల పట్టుకో."

పోతమ్మ తల ఎత్తిపట్టుకుంటే ఆవిడ చెంచా చెంచా పోసింది. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ పోసింది. తాతబాబు మింగాడు. స్ట్రెచర్ వచ్చేదాకా పోస్తూనే ఉంది. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు, మందులిచ్చారు. ఆ వారంలోనే మనిషి ఇంటికొచ్చాడు.

ఇప్పుడు చేపల పెట్టెకు తాళం ఉంది. దొడ్డికెళ్ళినవాడు సబ్బుతో చేతులు కడగందే ఆ గుమ్మం దాటలేడు, ముఖ్యంగా తాతబాబు. నీళ్ళబిందె మీద మేకుకు చెంచా వేలాడుతుంది. ఏ ఇంట్లో విరేచనాలు పట్టుకున్నా గంగాలమ్మ ఆ చెంచాతో వెళ్ళి, "ఆరు, అర. సేత్తో ఏసినోలి సెయ్యిరిసేత్తాను" అంటుంది. ముందు సుధారాణికి ఫోను చేయిస్తుంది.

పోతమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కదా. ఒక సాయంత్రం తాతబాబు అరుగు మీద కూర్చుని కాచిన నీళ్ళు తాగుతూ అందుకున్నాడు.

"నా కోసం ఏడిసినావంట కదే. పేటంతా సెప్పుకుంటన్నారు."

"ఎవులేడిసినారు? ఉప్పు సూసుకున్నాను."

"సరిపోయిందేటి?"

"నీకు సరిపోయింది" అంది గంగాలమ్మ వల సర్దుతూ, తలెత్తకుండానే. "నాకే కొంచెం ఎక్కువైనాది."

తాతబాబు జవాబు చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. ఈసారి ఒంట్లో ఏ జబ్బూ లేదు.